బొమ్మ మీద తేదీ చెరిగిన ఏడాది: కార్టూన్లపై కేసుల నేపథ్యం

వార్తల్లోని వ్యక్తుల బొమ్మలు గీసే చిత్రకారుల మీద క్రిమినల్ కేసు పెట్టవచ్చా, వారి బొమ్మలు ఇంటర్నెట్‌లో కనిపించకుండా చేయవచ్చా అన్న వాదన 2025లో మళ్లీ రాజుకుంది, ఇంకా చల్లారలేదు. ఒక బొమ్మతో ఆర్ఎస్ఎస్‌నూ ప్రధానినీ అవమానించారన్న కేసులో ఇండోర్‌కు చెందిన కార్టూనిస్టు హేమంత్ మాళవీయకు ఆ ఏడాది జులై 3న మధ్యప్రదేశ్ హైకోర్టు ముందస్తు బెయిలు నిరాకరించింది. భావప్రకటన స్వేచ్ఛ హద్దును ఆయన దాటారని హైకోర్టు అభిప్రాయపడింది. జులై 15న సుప్రీంకోర్టు ఆయనకు అరెస్టు నుంచి మధ్యంతర రక్షణ ఇచ్చింది. అయితే అంతకు ముందురోజు విచారణలో ఆ బొమ్మ తీరును న్యాయమూర్తులు గట్టిగానే తప్పుపట్టారు. అభిరుచి లేని బొమ్మ కావచ్చు గానీ, అభిరుచి లేకపోవడం నేరమవుతుందా అన్నది ఆయన న్యాయవాది వేసిన ప్రశ్న.

ఇలాంటి సందర్భం వచ్చినప్పుడల్లా నెహ్రూ, కార్టూనిస్టు శంకర్‌ల స్నేహాన్నీ, 1975 ఆగస్టులో మూతపడిన శంకర్స్ వీక్లీనీ, రాష్ట్రపతి స్నానపు తొట్టిలో కూర్చుని ఆర్డినెన్సులపై సంతకాలు చేస్తున్నట్టు అబూ అబ్రహాం గీసిన బొమ్మనూ తలుచుకోవడం పరిపాటి. పాఠకులకు అవన్నీ తెలిసినవే కనుక మళ్లీ వివరించనక్కర్లేదు. పైగా నేటి వివాదం వాటితో అర్థం కాదు. అత్యవసర పరిస్థితి నాటి సెన్సారు పత్రికతోనూ దాని సంపాదకుడితోనూ తలపడింది. ఇప్పటి కేసు గీసిన మనిషి ఇంటికో, ఆ బొమ్మను పంచుకున్న మనిషి ఇంటికో నేరుగా వెళుతోంది. ఈ మలుపు 2012లో వచ్చింది. ఆ ఒక్క ఏడాది ఏప్రిల్, మే, సెప్టెంబరు నెలల్లో జరిగిన మూడు ఘటనలను దగ్గరగా చూస్తే, ఆ తరువాతి పదమూడేళ్ల గొడవలన్నిటికీ మూలం వాటిలోనే కనిపిస్తుంది.

అంతకంటే ముందు పాకెట్ కార్టూన్ ఎలా పుడుతుందో ఒక్క మాట చెప్పుకోవాలి. రేపటి మొదటి పేజీలో ఏ వార్త వస్తుందో సాయంత్రానికి తేలాక, ఒక కాలమ్ వెడల్పులో, ఒకటి రెండు వాక్యాల మాటలతో ఆ బొమ్మ తయారవుతుంది. ఈనాడులో నాలుగు దశాబ్దాల పాటు శ్రీధర్, ఆంధ్రజ్యోతిలో శేఖర్, పలు పత్రికల్లో మోహన్, ది హిందూలో సురేంద్ర తెలుగువారి చూపును ఈ పద్ధతికి అలవాటు చేశారు. కాషాయ వస్త్రాలు కనిపిస్తే ఎన్.టి.రామారావు, ముందుకు పొడుచుకొచ్చిన పెదవులు కనిపిస్తే పి.వి.నరసింహారావు అని పేరు రాయకుండానే పాఠకుడు పోల్చుకున్నాడు. పక్క కాలమ్‌లోని వార్త చదివినవాడే చూస్తాడన్న నమ్మకంతో గీసిన బొమ్మ అది. దానిపైన ఆ రోజు తేదీ ఉంటుంది, వెనుక దానికి జవాబు చెప్పే సంపాదకుడు ఉంటాడు. ఈ రెండూ ఊడిపోయినప్పుడు బొమ్మకు ఏమవుతుందన్నదే 2012 నాటి కథ.

ఆ ఏడాది ఏప్రిల్‌లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్ర ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్ర అరెస్టయ్యారు. ఆయన కార్టూనిస్టు కాదు. రైల్వే మంత్రి పదవి నుంచి దినేశ్ త్రివేదిని తప్పించి ముకుల్ రాయ్‌ను కూర్చోబెట్టిన పరిణామంపై, పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీని వ్యంగ్యంగా చూపిన ఒక బొమ్మను తన హౌసింగ్ సొసైటీ సభ్యులకు ఈమెయిల్‌లో పంపడమే ఆయన చేసిన పని. బొమ్మ ఎవరిదన్న ప్రశ్నకు అక్కడ ప్రాధాన్యమే లేకపోయింది. చేతికి దొరికినవాడే దోషి అయ్యాడు. ఆయనపై మోపిన వాటిలో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ ఒకటి. 2015లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టివేసినా కేసు మాత్రం ఆగలేదు. ఆయనకు పూర్తి విముక్తి లభించింది 2023 జనవరిలో. లేని సెక్షన్ నీడలో ఒక అధ్యాపకుడు దాదాపు ఎనిమిదేళ్లు కోర్టుల చుట్టూ తిరగవలసి రావడం ఈ దేశంలో విచారణే శిక్షగా మారుతుందనడానికి సాక్ష్యం.

మే నెలలో వచ్చిన వివాదం స్వభావం వేరు. దాన్ని ప్రభుత్వ జులుంతో కలిపి ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. పదకొండో తరగతి రాజనీతిశాస్త్ర పాఠ్యపుస్తకంలో ఎన్‌సీఈఆర్‌టీ ప్రచురించిన ఒక బొమ్మను శంకర్ 1949లో గీశారు. అందులో రాజ్యాంగం ఒక నత్త. దాని మీద అంబేడ్కర్ కొరడా పట్టుకుని కూర్చున్నారు. వెనుక నిలబడిన నెహ్రూ కూడా కొరడా ఎత్తారు. చుట్టూ జనం చూస్తున్నారు. రాజ్యాంగ రచన ఆలస్యమవుతోందన్న నాటి ఫిర్యాదు ఆ బొమ్మకు విషయం. అరవై మూడేళ్ల తరువాత దాన్ని చూసిన దళిత విద్యార్థికి అందులో కనిపించింది వేరు. ఒక బ్రాహ్మణ నాయకుడు అంబేడ్కర్ వెనుక నిలబడి కొరడా ఝళిపిస్తున్నాడు, జనం వినోదం చూస్తున్నారు. ఆ చూపును అతి సున్నితత్వమని కొట్టిపారేసిన సంపాదకీయాలు అప్పట్లో ఎన్నో వచ్చాయి. కొరడా అనే వస్తువుకు ఈ దేశంలో ఏ చరిత్ర ఉందో ఆ రాసినవారు ఒక్క నిమిషం ఆలోచించి ఉండవలసింది.

ఈ విషయంలో మన ప్రాంతపు పరిశోధకుడు ఉన్నమతి శ్యామసుందర్ కృషి చాలా ముఖ్యమైనది. స్వయంగా కార్టూనిస్టు అయిన ఆయన, 1932 నుంచి 1956 దాకా ఇంగ్లీషు పత్రికల్లో అంబేడ్కర్‌పై వచ్చిన కార్టూన్లను వందకు పైగా సేకరించి, ఒక్కొక్కదాని వెనుక ఉన్న రాజకీయ సందర్భాన్ని వివరిస్తూ 2019లో గ్రంథంగా తెచ్చారు. ఆ బొమ్మల్లో అంబేడ్కర్‌ను చిన్నవాడిగానో, అడ్డుపడేవాడిగానో చూపే ధోరణి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. కార్టూన్ ఎప్పుడూ బలవంతుడినే వెక్కిరిస్తుందన్న భరోసాను ఆ సేకరణ గట్టిగా కదిలించింది. గీసేవారంతా ఒకే సామాజిక వర్గాల నుంచి వచ్చినప్పుడు గీత ఎటు వంగుతుందో అది చూపించింది. స్వేచ్ఛ పక్షాన మాట్లాడేవారు ఈ విమర్శకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేరు.

అయితే ఆ విమర్శకు పార్లమెంటు ఇచ్చిన జవాబు విమర్శకూ మేలు చేయలేదు. మే 11న సభల్లో దుమారం రేగిన రోజునే కేంద్రం ఆ బొమ్మను తొలగిస్తామని ప్రకటించింది. ఆ పాఠ్యపుస్తకం ముఖ్య సలహాదారులు సుహాస్ పల్శికర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. మర్నాడు పుణె విశ్వవిద్యాలయంలో పల్శికర్ కార్యాలయంపై దాడి జరిగింది. తరువాత పాఠ్యపుస్తకాల సమీక్షకు నియమించిన సుఖదేవ్ థోరట్ కమిటీ ఇతర రాజకీయ నాయకులపై ఉన్న పలు కార్టూన్లనూ తీసేయమని సిఫార్సు చేసింది. కమిటీలోని ఎం.ఎస్.ఎస్.పాండ్యన్ ఒక్కరే విడిగా అసమ్మతి రాశారు. అంబేడ్కర్ గౌరవం కోసం మొదలైన అభ్యంతరం చివరికి నేటి నాయకుల గౌరవానికి కంచెగా మారింది. తేదీ చెరిగిన బొమ్మను ఇవాళ్టి కంటితో చూసి ఇవాళ్టి శిక్ష వేయవచ్చునన్న ఆనవాయితీ అక్కడే మొదలైంది.

సెప్టెంబరులో కాన్పూర్‌కు చెందిన యువ కార్టూనిస్టు అసీమ్ త్రివేదిని ముంబైలో రాజద్రోహం నేరం కింద అరెస్టు చేశారు. అవినీతికి వ్యతిరేకంగా ఆయన నడిపిన వెబ్‌సైట్‌ను పోలీసుల ఫిర్యాదుపై 2011 డిసెంబరులోనే నిలిపివేశారు. ఆయన గీసిన ఒక బొమ్మలో అశోక స్తంభం మీద సింహాల స్థానంలో తోడేళ్లు ఉంటాయి, కింద 'సత్యమేవ జయతే' స్థానంలో 'భ్రష్టమేవ జయతే' అని ఉంటుంది. కళాదృష్టితో చూస్తే అది గొప్ప బొమ్మ కాకపోవచ్చు. కోపంలో గీసిన బొమ్మ, కోపాన్ని దాచుకోని బొమ్మ. సంపాదకుడు ఉండి ఉంటే దాన్ని తిరగ్గొట్టేవాడో, మార్చమనేవాడో, లేదా వేసి తానే జవాబు చెప్పేవాడో. త్రివేదికి సంపాదకుడు లేడు. ఆ ఖాళీ కుర్చీలోకి పోలీసు స్టేషన్ వచ్చి కూర్చుంది. బొంబాయి హైకోర్టు కొద్ది రోజుల్లోనే బెయిలు ఇచ్చింది. విమర్శలు వెల్లువెత్తాక రాజద్రోహం అభియోగాన్ని ప్రభుత్వం విరమించుకుంది.

2015 మార్చిలో వారం తేడాతో వచ్చిన రెండు తీర్పులు మహాపాత్ర, త్రివేది కేసుల నుంచి పాఠం నేర్చినట్టే కనిపించాయి. మార్చి 17న బొంబాయి హైకోర్టు త్రివేది ఉదంతంపై దాఖలైన పిటిషన్‌ను పరిష్కరిస్తూ, హింసకు లేదా ప్రజా అశాంతికి పురిగొల్పే స్వభావం లేని విమర్శ రాజద్రోహం కాదని, ఆ సెక్షన్ వాడే ముందు జిల్లా లా ఆఫీసర్ నుంచి, ఆ పైన రాష్ట్ర పబ్లిక్ ప్రాసిక్యూటర్ నుంచి లిఖితపూర్వక అభిప్రాయం తీసుకోవాలని నిర్దేశించింది. మార్చి 24న జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం 66ఎను రద్దు చేసింది. కార్టూనిస్టులు పండుగ చేసుకున్న రోజు అది. కాని అదే తీర్పు ఐటీ చట్టంలోని 69ఎ సెక్షన్‌ను నిలబెట్టింది. ఇంటర్నెట్‌లోని ఏ సమాచారాన్నైనా దేశ సార్వభౌమత్వం, భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాల వంటి కారణాలపై అందుబాటులో లేకుండా చేయమని ఆదేశించే అధికారం దాని కింద కేంద్రానికి ఉంది. ఆ సెక్షన్ అమలుకు చేసిన 2009 నాటి నిబంధనల్లో పదహారవది ఆ ఫిర్యాదులనూ చర్యలనూ గోప్యంగా ఉంచాలంటుంది. కారణాలు లిఖితపూర్వకంగా ఉంటాయి కనుక వాటిని కోర్టులో సవాలు చేయవచ్చునని తీర్పు భరోసా ఇచ్చింది. ఆ కాగితం తన చేతికే రానప్పుడు చిత్రకారుడు దేన్ని సవాలు చేస్తాడు?

ప్రభుత్వ పక్షపు వాదనను కూడా చెప్పాలి. లక్షల మందికి క్షణాల్లో చేరే బొమ్మ, నాలుగు గోడల మధ్య తిరిగే వారపత్రిక బొమ్మ ఒకటి కావని, మత విద్వేషం రగిలాక తీరిగ్గా నోటీసు ఇచ్చి లాభం లేదని కేంద్రం అంటోంది. అందులో కొంత నిజం ఉంది. ఆ నిజం విద్వేష ప్రచారానికి వర్తించినంతగా నాయకుడి ముక్కును సాగదీసి గీసిన బొమ్మకు వర్తించదు.

ఆ తరువాతి ఘటనల్లో ఇదే బాణీ సాగింది. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలిని కించపరిచే వ్యంగ్య చిత్రం పెట్టారన్న ఆరోపణపై ఒక ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుడిని పోలీసులు అరెస్టు చేశారు. అధికార పార్టీలు మారినా పోస్టులపై కేసులు పెట్టే అలవాటు రాష్ట్రంలో మారలేదు. 2021 జూన్‌లో కార్టూనిస్టు మంజుల్ ఖాతాపై చర్య కోరుతూ భారత ప్రభుత్వం నుంచి వినతి వచ్చిందని ట్విటర్ ఆయనకు ఈమెయిల్ పంపింది. ఏ బొమ్మ, ఏ తప్పు అన్నది ఆ సందేశంలో లేదు. రోజుల వ్యవధిలో నెట్‌వర్క్18 మీడియా సంస్థ ఆయన కాంట్రాక్టును నిలిపివేసింది. చిత్రకారుడి ముందు నిలబడవలసిన యాజమాన్యం పక్కకు తప్పుకుంది.

మాళవీయ కేసు ఈ ధోరణికి పరాకాష్ఠ. వివాదాస్పదమైన బొమ్మను ఆయన గీసింది 2021లో, కోవిడ్ టీకాలపై చర్చ నడుస్తున్నప్పుడు. 2025 మేలో ఎవరో దానికి కులగణనపై తమ సొంత వ్యాఖ్య జోడించి పంచుకున్నారు. మాళవీయ దాన్ని తిరిగి పంచుకున్నారు. ఆర్ఎస్ఎస్‌నూ ప్రధానినీ అవమానించారని, ఆ పోస్టులో శివుడిపై ఉన్న మాటలు మనోభావాలను గాయపరిచాయని ఫిర్యాదుదారు ఆరోపణ. ఆ మాటలకు ఆమోదం తెలిపిన బాధ్యత నుంచి మాళవీయ తప్పించుకోలేరు. కాని ఒక సందర్భానికి గీసిన బొమ్మ, నాలుగేళ్ల తరువాత ఇంకొకరి మాటలు నెత్తిన పెట్టుకుని నిందితుడిగా నిలబడటాన్ని 2012కు ముందు ఎవరూ ఊహించి ఉండరు.

అంతకు ముందు సంపాదకుడి కుర్చీ ఎలా ఉండేదో చెప్పడానికి తమిళ పత్రిక ఆనంద వికటన్ చరిత్ర ఒక్కటి చాలు. 1987 మార్చిలో దాని ముఖచిత్రంగా ఒక కార్టూన్ వచ్చింది. వేదిక మీది ఇద్దరిలో ఎమ్మెల్యే ఎవరు, మంత్రి ఎవరు అన్న ప్రశ్నకు, జేబుదొంగలా ఉన్నవాడు ఎమ్మెల్యే, బందిపోటులా ఉన్నవాడు మంత్రి అని జవాబు. తమిళనాడు శాసనసభ దాన్ని సభాహక్కుల ఉల్లంఘనగా పరిగణించింది. క్షమాపణ చెప్పడానికి నిరాకరించిన సంపాదకుడు ఎస్.బాలసుబ్రమణియన్‌కు స్పీకర్ పి.హెచ్.పాండ్యన్ మూడు నెలల కఠిన కారాగార శిక్ష విధించారు. దేశమంతటా నిరసన రావడంతో కొద్ది రోజుల్లోనే ఆయన విడుదలయ్యారు. గీసిన చేతిని ఎవరూ తాకలేదు, ఎందుకంటే దానికి ముందు ఆయన నిలబడి ఉన్నారు. అక్కడితో ఆగక ఆయన మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. 1994లో ఆ అరెస్టు చెల్లదని కోర్టు తేల్చి, కోరినట్టుగానే నామమాత్రంగా వెయ్యి రూపాయల పరిహారం ఇప్పించింది.

అదే సంస్థ డిజిటల్ పత్రిక వికటన్ ప్లస్ 2025 ఫిబ్రవరి 10న మరో ముఖచిత్రం ప్రచురించింది. అమెరికా సైనిక విమానంలో 104 మంది భారతీయులను సంకెళ్లతో అమృత్‌సర్‌కు తిప్పి పంపిన రోజులవి. ప్రధాని మోదీ చేతులకు, కాళ్లకు సంకెళ్లతో ట్రంప్ పక్కన కూర్చున్నట్టు ఆ బొమ్మలో ఉంది. అప్పటి తమిళనాడు బీజేపీ అధ్యక్షుడు అన్నామలై ఫిర్యాదు చేసిన 15వ తేదీ సాయంత్రానికే వికటన్ వెబ్‌సైట్ మొత్తం చాలామందికి తెరుచుకోలేదు. విచారణకు రమ్మన్న నోటీసు ఆ మర్నాడు అందింది. దేశ సార్వభౌమత్వానికి, మిత్రదేశంతో సంబంధాలకు ఆ బొమ్మ భంగకరమని కేంద్రం మద్రాసు హైకోర్టులో వాదించింది. ఒక్క బొమ్మ కోసం సైట్ అంతటినీ మూసేయడం ఎలా సబబని సంస్థ ప్రశ్నించింది. మార్చి 6న కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. బొమ్మ హద్దు దాటిందా లేదా అన్న ప్రశ్నను ఇంకా విచారించవలసి ఉందని చెబుతూ, ఈలోగా ఆ పేజీని వికటన్ తాత్కాలికంగా తొలగించాలని, తొలగించినట్టు తెలిపాక సైట్‌ను కేంద్రం పునరుద్ధరించాలని ఆదేశించింది.