ఒంటరి కొట్టులో డికెన్స్ చూసింది

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర జైళ్లలో ఒంటరి నిర్బంధంపై గొడవ మళ్లీ రాజుకుంది. ఖైదీని వరుసగా 15 రోజులకు మించి ఒంటరిగా బంధించరాదన్న 'హాల్ట్' చట్టాన్ని ఎత్తేయాలంటూ 2025 ఫిబ్రవరిలో సిబ్బంది విధులు బహిష్కరించారు. చట్టం వచ్చాక తమపై దాడులు పెరిగాయన్నది వాళ్ల మాట. సమ్మె ముగిసి 2 వేల మందికి పైగా కొలువులు కోల్పోయారు గానీ తగువు తెగలేదు.

ఈ గొడవ పాతదే, 1842 మార్చిలోనూ కనిపిస్తుంది. అమెరికా చూడవచ్చిన 30 ఏళ్ల ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్, ఫిలడెల్ఫియాలోని ఈస్టర్న్ స్టేట్ పెనిటెన్షియరీకి వెళ్లాడు. కొరడాకు బదులు మౌనం, బైబిలు, చేతిపని ఇస్తే నేరస్థుడు మారతాడన్న క్వేకర్లనే క్రైస్తవ శాఖ నమ్మకంతో కట్టిన జైలది. కొత్త ఖైదీ తలకు ముసుగు వేసి లోపలికి తెచ్చేవారు. శిక్ష తీరేదాకా అతనికి మరో ఖైదీ ముఖం కనిపించదు. డికెన్స్ కొట్టు కొట్టుకూ వెళ్లి వాళ్లతో మాట్లాడాడు. ఒక జర్మన్ ఖైదీ నూలు నుంచి తీసిన రంగులతో గోడలన్నీ చిత్రించుకున్నాడు. అంతటి దీనుణ్ని తానెన్నడూ చూడలేదని డికెన్స్ రాశాడు. నిర్వాహకుల మంచితనాన్ని ఆయన శంకించలేదు. తాము చేస్తున్నదేమిటో వాళ్లకే తెలియదన్నాడు. ఒంటి మీది గాయం కంటికి కనబడుతుంది, మనసుకు తగిలింది కనబడదు, అందుకే ఇది ఏ శారీరక హింసకన్నా ఘోరమని తేల్చాడు. ఆయన అతిగా రాశాడని జైలు సమర్థకులు ఖండించారు.

నిజానికి న్యూయార్క్‌కు ఈ పాఠం అంతకుముందే తెలుసు. 1821లో ఆబర్న్ జైలులో సుమారు 80 మందిని పనీపాటా లేకుండా ఒంటరి కొట్లలో పెట్టారు. ఏడాదిలో అయిదుగురు చనిపోయారు, ఒకరికి మతి చలించింది. చివరికి గవర్నరే 26 మందికి క్షమాభిక్ష పెట్టాల్సి వచ్చింది. జైళ్ల పరిశీలనకు 1831లో వచ్చిన ఫ్రెంచివారు టోక్‌విల్, బోమాంట్ ఇదంతా నమోదు చేశారు. ఫిలడెల్ఫియా పద్ధతిని మాత్రం టోక్‌విల్ మెచ్చుకున్నాడు. అక్కడ పని ఉందన్నది ఆయన లెక్క. పని ఇచ్చినా మనిషి ఎలా అవుతాడో డికెన్స్ చూపాడు.

1890లో మెడ్లీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది: స్వల్పకాలపు ఒంటరితనానికే చాలామంది మొద్దుబారిపోయారు, కొందరికి పిచ్చెక్కింది, మరికొందరు ఆత్మహత్య చేసుకున్నారు. పెన్సిల్వేనియా ఆ పద్ధతిని 1913లో వదులుకుంది. వరుసగా 15 రోజులు దాటితే దీర్ఘకాల ఒంటరి నిర్బంధమేనని 2015లో ఖైదీలను ఎలా చూడాలో చెప్పే ఐక్యరాజ్యసమితి మండేలా నియమాలు గీత గీశాయి. న్యూయార్క్ 2021లో చట్టంలోకి తెచ్చుకున్నదీ ఆ గీతనే.

దాడుల లెక్కలు పెరిగిన మాట నిజమే. కారణం ఈ చట్టమేనా, సిబ్బంది కొరతా అన్నది తేలలేదు. అయినా సమ్మె విరమణ ఒప్పందంలో చట్టంలోని కొన్ని నిబంధనలనే 90 రోజులు పక్కన పెట్టారు.