జాంబీని కాదు, ప్రిన్సిపాల్‌ని చూడండి: టీనేజ్ జాంబీ సెటైర్‌పై అపోహలు - వాస్తవాలు

టీనేజర్ల కోసం ఇంగ్లీషులో వచ్చే హాస్య, హారర్ నవలల డ్రాఫ్టులు దిద్దడం నా పని. సెలవుల్లో తెలుగు పిల్లల చేత కథలు రాయిస్తుంటాను. రెండు చోట్లా నాకు ఎక్కువ ఇష్టమైన తరహా ఒకటుంది. ఊరంతా శవాలు తిరుగుతుంటే స్కూలు యాజమాన్యం మాత్రం యూనిఫామ్ మీద సర్క్యులర్ పంపుతుంది చూడండి, ఆ రకం. అబ్సర్డ్ (అసంబద్ధ) జాంబీ సెటైర్ (వ్యంగ్యం) అంటారు. అమెరికాలో యంగ్ అడల్ట్ పుస్తకాల్లో ఇది ఒక దశలో జోరుగా నడిచింది. దీని మీద తల్లిదండ్రులు, టీచర్లు, కొత్తగా రాసేవాళ్లు నాతో అనే మాటల్లో చాలావరకు అపోహలే.

అపోహ: జాంబీ అంటే మొదట్నుంచీ మెదళ్లు తినే పిశాచం. సెటైర్ ఈమధ్య అతికించింది.

నిజానికి సెటైరే ముందు, మెదళ్లు తినడం తర్వాత. జాంబీ పుట్టిల్లు హైతీ. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు అక్కడి చెరకు తోటల్లో చచ్చేదాకా పనిచేశారు. చస్తేనైనా విముక్తి దొరుకుతుందనేది వాళ్ల ఆశ. ఆ ఆశ కూడా లేకుండా, చచ్చినవాణ్ణి లేపి మళ్లీ పనిలో పెట్టడమే జాంబీ భయం. వాళ్లు భయపడింది జాంబీ తమను కొరుకుతుందని కాదు, తామే జాంబీలైపోతామని. హైతీ 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం చేతిలో ఉంది. ఆ కాలంలో, 1929లో, విలియం సీబ్రూక్ అనే అమెరికన్ ‘ది మ్యాజిక్ ఐలాండ్’ అనే పుస్తకం రాశాడు. చెరకు కంపెనీ కూలీల్లో చచ్చి లేచినవాళ్లు ఉన్నారన్న కథ అందులో ఉంది. మూడేళ్లకు ‘వైట్ జాంబీ’ సినిమా వచ్చింది. చక్కెర మిల్లులో జాంబీలు గానుగ తిప్పుతుంటారు. ఒకడు జారి అందులో పడిపోతాడు. మిగతావాళ్లు ఆగరు, కనీసం తల తిప్పి చూడరు, గానుగ తిరుగుతూనే ఉంటుంది. నా వర్క్‌షాప్‌లో పిల్లలకు మొదట చెప్పే సీన్ ఇదే. జోకు లేదు, డైలాగు లేదు. అయినా యజమాని అనేవాడి గురించి చెప్పాల్సిందంతా అందులో ఉంది.

మాంసం తినడం 1968లో జార్జ్ రొమేరో తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’తో స్థిరపడింది. ఆ సినిమాలో ‘జాంబీ’ అనే మాటే వినపడదు, ‘గూల్’ (పిశాచం) అంటారు. విడుదలకు ముందు పేరు మార్చినప్పుడు కాపీరైట్ ప్రకటన వేయడం మర్చిపోయారు. అప్పటి చట్టం ప్రకారం సినిమా అందరి సొత్తయిపోయింది. ఆ తర్వాత ఎవరు పడితే వాళ్లు ఆ సినిమా జాంబీల రూల్స్ వాడుకోవడానికి ఇదో పెద్ద కారణం. ఇక ‘బ్రెయిన్స్’ అంటూ మూలగడం 1985 నాటి ‘ది రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ చేసిన అలవాటు. అదీ సగం కామెడీ సినిమానే.

అపోహ: అబ్సర్డ్ అంటే ఏది పడితే అది రాసేయొచ్చు, లాజిక్ అడగరు.

నా దగ్గరకు వచ్చే డ్రాఫ్టుల్లో సగం ఇక్కడే చతికిలబడతాయి. మొదటి చాప్టర్లో జాంబీలు, రెండో దాంట్లో మాట్లాడే కుక్క, మూడో దాంట్లో ఏలియన్లు. రచయితకు సరదాగానే ఉంటుంది, చదివేవాడికి మాత్రం దేనికి ఆశ్చర్యపోవాలో తెలియదు. జరగని పని ఒక్కటే పెట్టుకోవాలి. మిగతా ప్రపంచమంతా మామూలుగా, ఇంకా చెప్పాలంటే మామూలు కంటే పద్ధతిగా నడవాలి. ఫైళ్లు కదలాలి, ఫీజు గడువులు ఉండాలి, క్యాంటీన్‌లో టోకెన్లు ఇవ్వాలి. జాంబీకి రూల్స్ రాసిపెట్టుకోండి: ఎంత వేగంగా నడుస్తుంది, తలుపు తీయగలదా, పేరు గుర్తుంటుందా. ఆ రూల్ మీరు ఒక్కసారి తప్పితే ఆ తర్వాత పాఠకుడు నవ్వడు.

ఒక ఉదాహరణ చూపిస్తాను. తెలుగు పిల్లలకు ‘జాంబీ’, ‘కాలేజీ’ అని రెండు మాటలిస్తే దాదాపు అందరూ రాసేది ఒకటే: స్టడీ అవర్లలో కూర్చుని కూర్చుని ఇంటర్ పిల్లలు ముందే జాంబీల్లా అయిపోయారు, కాబట్టి ఎవరూ తేడా కనిపెట్టలేదు. ఇది పోలిక, కథ కాదు. ఒక్క లైన్‌తో అయిపోతుంది. ఒకబ్బాయి మాత్రం దీన్ని పట్టుకుని అక్కడితో వదలకుండా ముందుకు లాగాడు. హాస్టల్లో ఒకడు జాంబీ అవుతాడు. వార్డెన్ రిజిస్టర్లో రాసుకుంటాడు: ఔటింగ్ అడగలేదు, ఫోన్ దొరకలేదు, జ్వరమని ఇంటికి పోలేదు, భోజనం బాగాలేదని కంప్లైంట్ లేదు (భోజనం చేయలేదు కూడా). వారం తిరిగేసరికి వాణ్ణి ‘స్పెషల్ బ్యాచ్’లో వేస్తారు. తర్వాత పేరెంట్స్ మీటింగ్. ఒక తండ్రి లేచి నిలబడతాడు. గొడవ పెట్టుకుంటాడేమో అనుకుంటాం. ఆయన అడిగేది ఇది: “సార్, ఆ బ్యాచ్‌లో సీటేమైనా ఖాళీ ఉందా? మావాడికి కూడా కరిపిస్తే ఎక్స్‌ట్రా ఎంతవుతుంది?”

ఆ లైన్ పని చేయడానికి కారణం తండ్రి వెటకారంగా అడగకపోవడం. నిజంగానే అడుగుతున్నాడు, చేతిలో చెక్‌బుక్ ఉంది. ఈ తరహా రచనలో ఎవరూ తమ మాటకు తాము నవ్వకూడదు. ‘అని వెటకారంగా అన్నాడు’ అని రాసిన ప్రతిచోటా నేను కొట్టేస్తాను.

అపోహ: పేరడీ అన్నా, సెటైర్ అన్నా ఒకటే.

కాదు. 2009లో పాతకాలపు ఇంగ్లీషు రచయిత్రి జేన్ ఆస్టిన్ నవలలోకి జాంబీలను చొప్పించి సేత్ గ్రహామ్-స్మిత్ చేసిన పుస్తకం అమ్మకాల్లో దుమ్ము రేపింది. అందులో ఎక్కువ భాగం ఆస్టిన్ రాసిందే. అది పేరడీ, ఒక పుస్తకంతో ఆడుకోవడం. సరదాగా ఉంటుంది, ఒకసారి చాలు. సెటైర్ గురి మనం బతికే తీరు మీద ఉంటుంది. అంతకు ముందు ఏడాది వచ్చిన డేనియల్ వాటర్స్ నవల ‘జనరేషన్ డెడ్’ చూడండి. అమెరికాలో చనిపోయిన టీనేజర్లు కొందరు లేచి మళ్లీ స్కూలుకు వస్తుంటారు. ఎవర్నీ కొరకరు. వాళ్లలో ఒక కుర్రాడు ఫుట్‌బాల్ టీమ్‌లో చేరతానంటాడు. ఇక చూడాలి పెద్దవాళ్ల అవస్థ. శవం ఆడొచ్చా అని ఒకరు, అసలు ‘శవం’ అనకూడదు, మర్యాదగా ‘లివింగ్ ఇంపెయిర్డ్’ అనాలని ఇంకొకరు. నోటితో మర్యాద, చేత్తో వెలివేత. ఆ పుస్తకం అన్నిచోట్లా నవ్వించదు, చాలాచోట్ల దిగులుగానే ఉంటుంది. కానీ గురి తప్పదు.

అపోహ: ఇవన్నీ టైంపాస్, విషయం ఉండదు.

పావొలో బచిగలూపి 2013 నవల ‘జాంబీ బేస్‌బాల్ బీట్‌డౌన్’ తీసుకోండి. వయసు లెక్కన టీనేజ్‌కు ఒక మెట్టు కింద, కానీ నేను అందరి చేతా చదివిస్తాను. అయోవా రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. ఊరికి అన్నం పెట్టేది మాంసం ఫ్యాక్టరీ. హీరో పేరు రవీంద్రనాథ్ ఛటర్జీ-జోన్స్, ముద్దుగా రబి, సగం బెంగాలీ. ఆవులకు పెట్టే మేత, ఎక్కించే మందుల పుణ్యమా అని ఆవులూ మనుషులూ జాంబీలవుతారు. కంపెనీకి పట్టింది జనం ప్రాణాలు కాదు, సరుకు అమ్ముడుపోవడం. నిజం చెప్పాల్సిన కూలీలేమో కాగితాలు లేని వలసదారులు, నోరు విప్పితే దేశం దాటిస్తారు. రబి స్నేహితుడు మిగెల్ ఇంటి మీద పడే దెబ్బ అదే. కథలో నన్ను నిజంగా భయపెట్టింది ఆ భాగమే, జాంబీ ఆవులు కాదు. హైతీ చెరకు తోట ఇంకో వేషంలో తిరిగొచ్చినట్టే కదా.

ఇక సాహిత్య గౌరవం సంగతి. ఆండ్రూ స్మిత్ రాసిన ‘గ్రాస్‌హాపర్ జంగిల్’లో జాంబీల బదులు మనిషంత గొల్లభామ పురుగులు మనుషుల్లోంచి పుట్టుకొచ్చి లోకాన్ని మింగేస్తుంటాయి. కథ చెప్పే కుర్రాడికి మాత్రం అంతకన్నా పెద్ద టెన్షన్, తన గర్ల్‌ఫ్రెండ్‌నీ తన ఫ్రెండ్‌నీ ఇద్దర్నీ ప్రేమిస్తున్నానే అని. ఆ నవలకు 2015లో ప్రింట్జ్ ఆనర్ దక్కింది, అమెరికా టీనేజ్ సాహిత్యంలో అది పెద్ద గుర్తింపు.

అపోహ: పిల్లలు హింసకు అలవాటుపడిపోతారు.

ఈ భయం ఉన్నవాళ్లను తప్పుపట్టను. అందుకే నా టేబుల్ మీద ఒక నియమం ఉంది: జాంబీకి పేరుండాలి. కొట్టేముందు ఆ జాంబీ క్యాంటీన్ ఆంటీ అని, నిన్నటిదాకా ఎక్స్‌ట్రా సాంబార్ పోసేదని హీరోకి గుర్తుకు రావాలి. అప్పుడు కొట్టడం తేలిక కాదు, చదవడమూ తేలిక కాదు. పేరులేని గుంపును నరుక్కుంటూ పోయే డ్రాఫ్ట్ వస్తే వెనక్కి పంపేస్తాను. అది వీడియో గేమ్.

ఇంకో సంగతి. 2011 మే నెలలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ ‘జాంబీలు వస్తే ఎలా’ అంటూ ఒక పోస్ట్ పెట్టింది. తాగునీరు, మందులు, ముఖ్యమైన కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి, జాంబీలకు సిద్ధమైతే తుఫానుకూ సిద్ధమైనట్టే అని. జనం తాకిడికి ఆ పేజీ కుప్పకూలింది. ‘విపత్తు నిర్వహణ సూచనలు’ అని పెట్టి ఉంటే ఎంతమంది చూసేవారో మీరే ఊహించుకోండి.

అపోహ: జాంబీల కాలం అయిపోయింది.

ఇది చాలావరకు నిజమే. 2008 నుంచి ఓ అయిదారేళ్ల పాటు అమెరికన్ ప్రచురణకర్తలు జాంబీ అంటే చాలు ఎగబడ్డారు, ఇప్పుడా ఊపు లేదు. కరోనా తర్వాత ఒకటి మారింది. అంతకుముందు డ్రాఫ్టుల్లో “జాంబీలే లేవు, అంతా మీడియా సృష్టి” అంటూనే కరిపించుకునే పాత్ర వస్తే, మరీ అతి, తగ్గించండి అని మార్జిన్‌లో రాసేదాన్ని. ఇప్పుడు రాయడం లేదు.

అపోహ: తెలుగులో కుదరదు. మనం శవాలను కాల్చేస్తాం కదండీ, ఇక లేచేదెవరు?

ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే, నాకు ఇష్టమైనదీ ఇదే. ముందుగా, మనలో అందరూ కాల్చరు. క్రైస్తవులు, ముస్లింలు, లింగాయతులు, ఇంకా ఎన్నో కులాలవాళ్లు పూడుస్తారు. రెండోది, రొమేరో సినిమాలో లేచేవాళ్లు కొత్తగా చనిపోయి ఇంకా ఖననం కానివాళ్లు. అందులో టీవీలో డాక్టరు చెప్పే సలహా కూడా, అంత్యక్రియలు గింత్యక్రియలు పెట్టుకోకుండా శవాన్ని వెంటనే కాల్చేయమనే! ఇక కాటుతో అంటుకునే కథల్లోనైతే స్మశానంతో పనే లేదు. 2021లో ‘జాంబీ రెడ్డి’ సినిమా కర్నూలు ఫ్యాక్షన్ గొడవల మధ్యకు జాంబీలను దించింది. ఎవరూ “లేచేదెవరు” అని అడగలేదు.

అసలు మనకు బేతాళుడు ఉన్నాడుగా. చందమామ చదివిన ప్రతి ఇంట్లో ఆ కథలు కంఠతా వస్తాయి. అర్ధరాత్రి స్మశానంలో రాజు చెట్టు మీంచి శవాన్ని దించి భుజాన వేసుకుంటాడు. శవం ‘శ్రమ తెలియకుండా’ ఉండటానికి కథ చెబుతుంది, చివర్లో ప్రశ్న వేస్తుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. చెబితే మౌనభంగం, శవం మళ్లీ చెట్టెక్కుతుంది. రాజు మళ్లీ మొదటి నుంచి మోస్తాడు. ఒక్కసారి కూడా “ఇదేం గోల” అనడు. అబ్సర్డ్ రాయడం ఎలాగో పిల్లలకు చెప్పాల్సి వస్తే అమెరికా పుస్తకాల కంటే ముందు దీన్నే వాళ్ల చేతిలో పెడతాను. రూల్ ఒక్కటే, అది తప్పదు, ఎవరూ నవ్వరు.

అపోహ: చివర్లో మందు కనిపెట్టాలి, అందరూ బాగుపడాలి.

మందు కనిపెట్టడంలో తప్పులేదు. కానీ సెటైర్‌లో రోగం జాంబీది కాదు కదా, మందుతో నయమయ్యేది కూడా తక్కువే. హాస్టల్ కథ రాసిన అబ్బాయి మొదటి డ్రాఫ్ట్‌లో అందరికీ ఇంజెక్షన్లు వేయించి, ప్రిన్సిపాల్ చేత క్షమాపణ చెప్పించి, చదువు ఒక్కటే జీవితం కాదని స్పీచ్ ఇప్పించాడు. ఆ పేజీలన్నీ తీసేయమన్నాను. ప్రిన్సిపాల్ ఎందుకు మారతాడు, ఆయనకు వచ్చిన నష్టమేంటి అని అడిగాను. వాడు కాసేపు అలిగాడు, తర్వాత తిరగరాసి తెచ్చాడు. కొత్త డ్రాఫ్ట్‌లో మందు జనవరిలోనే వస్తుంది, ఫ్రిజ్‌లో పెట్టి తాళం వేస్తారు. ఎంసెట్ అయ్యేదాకా వేయొద్దంటూ పేరెంట్స్ అందరూ సంతకాలు పెట్టి లెటర్ ఇచ్చారు మరి.