ఏ ఆట ఆడాలో చెప్పేటప్పుడు: ఆటగాళ్లలో నాటుకుపోయిన కొన్ని అపోహలు, వాటి వెనుక వాస్తవాలు

హనుమకొండలో గంటల లెక్కన వీడియో గేమ్‌లు ఆడించే చిన్న సెంటర్‌ను పదకొండేళ్లుగా నడుపుతున్నాను. పగలు నా ఎదురుగా కూర్చున్నవారు, రాత్రి షట్టర్ దించాక కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల వైపు నుంచి ఆన్‌లైన్‌లో పలకరించే తోటి ఆటగాళ్లు ఎక్కువగా అడిగేది ఒక్కటే: "అన్నా, మంచి గేమ్ ఏదన్న ఉంటే చెప్పరాదే." మొదట్లో ఆ క్షణానికి నాకు ఇష్టమైన ఆట పేరు చెప్పి ఊరుకునేవాణ్ని. అడిగినవారు డబ్బు పెట్టి కొని, రెండు రోజులు ఆడి, మూలన పడేసిన సందర్భాలు పెరిగిన తర్వాతే తప్పు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను.

అపోహ: విమర్శకులందరూ మెచ్చిన ఆట ఎవరికైనా నచ్చి తీరుతుంది.

గోదావరిఖనిలో సింగరేణి గనికి వెళ్లే ఒక తమ్ముడికి 2022లో ఎల్డెన్ రింగ్ ఆడమని చెప్పాను. విమర్శకుల మార్కులన్నీ కలిపి సగటు చూపే మెటాక్రిటిక్ వెబ్‌సైట్‌లో ఆ ఆటకు నూటికి 96 మార్కులు వచ్చాయి, నాకు కూడా ప్రాణప్రదమైన ఆట అది. అయితే ఆ తమ్ముడికి షిఫ్టులు మారుతూ ఉంటాయని, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారని, రోజులో దొరికేది నలభై నిమిషాలేనని నేను అడగలేదు. ఎల్డెన్ రింగ్‌లో మామూలు పాజ్ బటన్ లేదు. పెద్ద శత్రువుతో పోరాడుతుండగా పాప ఏడిస్తే ప్యాడ్ కింద పెట్టి వెళ్లాలి, తిరిగి వచ్చేసరికి తన పాత్ర చచ్చిపడి ఉంటుంది. నెల తర్వాత అతను, "గేమ్ మంచిదే అన్నా, నాకే పనికి రాలేదు" అన్నాడు. ఆ మాట నన్ను చాలాకాలం బాధించింది, ఎందుకంటే లోపం అతనిలో లేదు, ఆటలోనూ లేదు. ఇద్దరినీ కలిపిన నా సలహాలో ఉంది. ఆ తర్వాత 2020 నాటి హేడిస్ చెప్పాను. అందులో శత్రువులున్న గదులను ఒకదాని తర్వాత ఒకటి దాటుతూ సాగే ఒక్కో ప్రయత్నం సుమారు అరగంటలో ముగుస్తుంది, ఎక్కడంటే అక్కడ ఆపవచ్చు, మధ్యలో ఆట మూసేసినా మళ్లీ ఆ గది మొదటి నుంచి అందుకోవచ్చు. ఆ ఆటను అతను పూర్తిచేశాడు.

అప్పటి నుంచి పేరు చెప్పేముందు అడగడం నేర్చుకున్నాను: రోజుకు ఎంత సమయం దొరుకుతుంది, ఆడేది కంప్యూటర్‌లోనా, టీవీకి తగిలించే గేమ్ యంత్రమైన కన్సోల్‌లోనా, ఫోన్‌లోనా, ఒంటరిగానా పక్కన ఎవరైనా ఉంటారా. అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న మాత్రం "సగంలో వదిలేసిన ఆట ఏది, ఎందుకు వదిలేశారు?" అన్నదే. నచ్చిన ఆటల జాబితా చాలామందిది ఒకేలా ఉంటుంది కానీ, వదిలేసిన కారణం మనిషి మనిషికీ మారుతుంది. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2ను వదిలేసిన వ్యక్తికి విశాలమైన ప్రపంచంలో తిరిగే ఆటలు నచ్చవని నేను అనుకున్నాను. మాట్లాడితే తెలిసింది, అతన్ని విసిగించింది గుర్రంపై సాగే సుదీర్ఘ ప్రయాణాలే తప్ప ప్రపంచం కాదని.

అపోహ: స్టీమ్‌లో 95 శాతం అంటే నూటికి 95 మార్కులు.

స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం. అక్కడ రివ్యూ రాసేవారు మార్కులు వేయరు. ఇతరులకు ఆ ఆట ఆడమని చెబుతారా, చెప్పరా అన్న రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు. కాబట్టి 95 శాతం అంటే రాసినవారిలో అంతమంది "ఆడవచ్చు" అన్నారని మాత్రమే అర్థం. పరవాలేదనిపించిన ఆటకూ, జీవితాంతం గుర్తుండే ఆటకూ ఒకే శాతం రావచ్చు. ఆ అంకె కంటే ఒక్కో రివ్యూ పైన కనిపించే గంటల లెక్క విలువైనది. ఆడవద్దని చెప్పిన మనిషి నలభై నిమిషాలు ఆడాడా, నాలుగు వందల గంటలు ఆడాడా అన్నది చూశాకే ఆ మాటకు ఎంత బరువివ్వాలో తేల్చుకోవాలి. మనం చర్చలో అభిప్రాయం చెప్పేటప్పుడు కూడా ఎన్ని గంటలు ఆడామో, ఏ యంత్రంలో ఆడామో ముందే చెప్పడం ఎదుటివారికి చేసే మేలు.

అపోహ: విడుదలైన వారం వచ్చిన పేరే ఆ ఆటకు శాశ్వతం.

నో మ్యాన్స్ స్కై 2016 ఆగస్టులో వచ్చినప్పుడు చెప్పినవన్నీ అందులో లేవని ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఉచితంగా వచ్చిన అప్‌డేట్లతో అది దాదాపు వేరే ఆటగా మారింది. సైబర్‌పంక్ 2077 సంగతి మరింత జాగ్రత్తగా చెప్పాలి. 2020 డిసెంబరు 10న విడుదలైన ఆ ఆటను, పాత కన్సోళ్లలో అది నడిచిన తీరు చూసి, సోనీ కొద్ది రోజులకే తన ప్లేస్టేషన్ స్టోర్ నుంచి తొలగించి, తిరిగి 2021 జూన్‌లో పెట్టింది. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో ఆట బాగుపడిందని ఇప్పుడు అందరూ అంటున్నారు, అది నిజమే. కానీ ఆ అప్‌డేట్ పాత కన్సోల్ అయిన ప్లేస్టేషన్ 4కు రాలేదు. మా వైపు ఇప్పటికీ సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ 4 మీద ఆడేవారు ఎందరో ఉన్నారు. "ఇప్పుడు బాగైంది, కొనుక్కో" అన్న సలహా వారి విషయంలో సగం నిజమే అవుతుంది.

అపోహ: కష్టం తగ్గించే ఈజీ మోడ్‌లో ఆడితే ఆడినట్టు కాదు.

తోటి ఆటగాళ్ల మధ్య మనసులు నొచ్చుకునే సందర్భాల్లో అధిక భాగం ఈ మాట నుంచే పుడతాయి. 2018లో వచ్చిన, కొండ ఎక్కే కథతో సాగే సెలెస్ట్ ఎంతో కఠినమైన ఆట. అయినా ఆట వేగం తగ్గించుకోవడానికి, దెబ్బ తగలకుండా చేసుకోవడానికి కూడా అందులో అసిస్ట్ మోడ్ ఉంది. దాన్ని పెట్టింది ఆ ఆటను తయారుచేసినవారే. మణికట్టు విరిగి కోలుకుంటున్న ఒక బ్యాంకు ఉద్యోగి ఆ మోడ్‌లోనే చివరి శిఖరం దాకా వెళ్లారు. ఆ కథ ఆయనకు ఎంత దక్కిందో నాకూ అంతే దక్కింది.

అపోహ: ఆన్‌లైన్ గేమ్‌లన్నీ నిషేధించారు.

పిల్లల తల్లిదండ్రులు తరచుగా ఇలా అడుగుతారు. తెలంగాణలో 2017లోనే చట్టాన్ని సవరించి పందెం కట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలకు సంబంధించినదే, పోటీలుగా జరిగే వీడియో గేమ్‌లైన ఈ-స్పోర్ట్స్‌ను అది వేరుగా చూస్తుంది. వీడియో గేమ్ విషయంలో తల్లిదండ్రులు చూడవలసింది పెట్టెపైనా, యాప్ స్టోర్‌లోనూ ఉండే వయసు రేటింగ్. జీటీఏ 5 పద్దెనిమిదేళ్లు నిండినవారి ఆట. పదేళ్ల బాబు అడిగితే మా సెంటర్‌లో పెట్టను.

అపోహ: పేరు చెప్పాక మన పని అయిపోయింది.

స్టీమ్‌లో కొన్న ఆట నచ్చకపోతే, కొన్న 14 రోజుల లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకుండా ఉంటే, డబ్బు వెనక్కి అడగవచ్చు. అందుకే నేను సలహా ఇచ్చినవారిని రెండు గంటలు నిండకముందే ఎలా ఉందో చెప్పమంటాను. కథ బాగుండే ఆట కావాలన్న కాకతీయ విశ్వవిద్యాలయ విద్యార్థిని ఒకరికి 2019 నాటి డిస్కో ఎలీసియం చెప్పాను. అది దాదాపుగా చదవడం మీదే నడిచే ఆట, అందులోని ఇంగ్లిష్ తేలికైనది కాదు. రోజంతా ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాలతో అలసిన మనిషికి అది మరో పుస్తకంలా తోస్తుందని నాకు తట్టలేదు. గంటా నలభై నిమిషాల దగ్గర ఆమె నుంచి మెసేజ్ వచ్చింది: "అన్నా, గిది సుత చదువుడే ఉన్నది." డబ్బు వెనక్కి తీసుకోమని చెప్పి, ఈసారి అడగవలసినవన్నీ అడిగాను. ఆమెది పాత ల్యాప్‌టాప్, ఆడేది నిద్రకు ముందు ఒక గంట, చిన్నప్పుడు ఇష్టంగా గడిపింది అమ్మమ్మ వాళ్ల పొలం దగ్గర. ఒకే వ్యక్తి తయారుచేయగా 2016లో విడుదలై, రెండు జీబీ ర్యామ్ ఉన్నా నడిచే, పొలం సాగుచేసుకునే ఆట స్టార్‌డ్యూ వ్యాలీ చెప్పాను. పరీక్షలైపోయాక ఆటలోని తన పొలం ఫోటో పంపింది. మొదటి ఏడాది వేసిన పంటలన్నీ వరుసగా చూపిస్తూ, తర్వాత ఏం వేయాలని అడిగింది.