నోరు మూయలేని చేప

చిన్నూ, బుజ్జీ,

మీ ఇద్దరికీ నానమ్మ ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడేసరికి నాకు సగమే అర్థమైంది. మీ నాన్న నాలుగడుగుల ఆక్వేరియం కొంటానన్నాడు. అందులో వేయడానికి మీరు రెండు ఎర్ర ప్యారట్ చేపలు, ఒక ఫ్లవర్‌హార్న్, పది నియాన్ టెట్రాలు, రెండు గోల్డ్‌ఫిష్‌లు అని జాబితా రాసుకున్నారు. అంతేగా? "అలా వద్దు" అని ఒక్క మాట అనేసి ఫోన్ పెట్టేయడం నాకు ఇష్టం లేకపోయింది. ఎందుకు వద్దో తెలిస్తే ఇంతకంటే మంచి జాబితా మీరే రాయగలరు. నాన్న తొట్టె తెచ్చేలోగా ఈ ఉత్తరం నెమ్మదిగా చదవండి.

మా ముందుగదిలో ఉన్న ఎర్ర ప్యారట్ చేప మీకు తెలుసుగా. దానికిప్పుడు తొమ్మిదేళ్ళు, బుజ్జి కంటే ఒక ఏడాది పెద్దది. నాలుగేళ్ళప్పుడు చిన్నూ దాన్ని చూసి "నానమ్మా, నవ్వుతోంది" అన్నాడు. అది నవ్వు కాదురా. దాని నోరు పుట్టుకతోనే అలా ఉంటుంది. సన్నటి నిలువు చీలికలా తెరుచుకుని ఉంటుంది, పూర్తిగా మూసుకోదు. చాలా చేపలు నోటితో పట్టుకుని కొరుకుతాయి, ఇది కొరకలేదు. మేతను లోపలికి పీల్చుకుని, గొంతులో ఉండే పళ్ళతో నలుపుకుంటుంది. సిక్లిడ్ చేపలన్నిటికీ గొంతులో అలాంటి పళ్ళు ఉంటాయి గానీ, ప్యారట్‌కి దాదాపు అవే దిక్కు.

సిక్లిడ్ అంటే ఒక పెద్ద చేపల కుటుంబం. మన చెరువుల్లో దొరికే తిలాపియా, కేరళవాళ్ళు ఇష్టంగా తినే కరిమీన్, అంగళ్ళలో కనిపించే ఏంజెల్ చేప, అన్నీ ఆ కుటుంబంలోవే. ప్యారట్ మాత్రం ఏ నదిలోనూ, ఏ సరస్సులోనూ పుట్టలేదు. 1986 ప్రాంతంలో తైవాన్‌లో చేపలు పెంచేవాళ్ళు మధ్య అమెరికాకు చెందిన రెండు రకాల సిక్లిడ్‌లను కలిపి దీన్ని తయారుచేశారు. అవి మైడాస్ సిక్లిడ్, రెడ్‌హెడ్ సిక్లిడ్ అయి ఉంటాయని ఎక్కువమంది అంటారు. ఆ రెండు చేపలకూ నోరు చక్కగా మూసుకుంటుంది. వాటిని కలిపితే పుట్టిన బిడ్డకే ఈ నోరు, ఈ గుండ్రటి పొట్ట, వంగిన వెన్నుపూస వచ్చాయి.

ఇలా రెండు జాతులు కలిసి పుట్టినదాన్నే హైబ్రిడ్ అంటాం. మన ఊళ్ళో మొక్కజొన్న వేసే రైతుని అడగండి. హైబ్రిడ్ విత్తనం వేస్తే పంట ఒక్కతీరుగా ఏపుగా వస్తుంది. ఆ కంకుల గింజలే దాచి మరుసటి ఏడు చల్లితే ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, ఒకదానికి కంకే సరిగ్గా రాదు. అందుకే ఏటా విత్తనం కొత్తగా కొంటారు. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు దాదాపు ఎప్పుడూ పిల్లలే పుట్టవు. చేపల్లో రెండు రకాలూ చూస్తాం. ప్యారట్ మగచేపల్లో ఎక్కువవాటికి పిల్లల్ని కనే శక్తి ఉండదు. ఫ్లవర్‌హార్న్‌లో చాలావాటికి ఉంటుంది. కానీ వాటి పిల్లలు వందల్లో పుడితే, నుదుటి మీద పెద్ద గడ్డతో, మంచి రంగుతో వచ్చేవి కొన్నే. మిగతావి అమ్ముడుపోవని పారేసేవాళ్ళు ఉన్నారు. అంగట్లో మెరిసే ఒక్క చేపని చూసినప్పుడు మనకు కనిపించని ఆ తోబుట్టువులన్నీ నాకు గుర్తొస్తాయి.

ఫ్లవర్‌హార్న్ సంగతి విడిగా చెప్పాలి. 1990ల్లో మలేషియాలో పెరిగిన హైబ్రిడ్ అది. అడుగు పొడవు పెరుగుతుంది, పదేళ్ళు బతుకుతుంది. ఇంట్లో ఉంటే అదృష్టమనీ, అది చచ్చిపోతే ఇంటి మీదికొచ్చే కీడుని తన మీద వేసుకుందనీ చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం జోలికి నేను పోను. కానీ చేప చనిపోతే ముందు నీళ్ళు పరీక్షించండి. నాకు తెలిసిన ఇళ్ళలో ఎక్కువసార్లు కారణం అక్కడే దొరికింది.

నేను చేసిన తప్పు కూడా మీకు చెబుతాను. పన్నెండేళ్ళ కిందట నా తొట్టెలో రెండు ప్యారట్లు ఉండగా, బొటనవేలంత ఫ్లవర్‌హార్న్ పిల్లని తెచ్చి వాటితో కలిపాను. "చిన్నప్పటినుంచి కలిపి పెంచితే ఏమీ చేయదండీ" అన్నాడు అమ్మినాయన. ఏడు నెలలు బాగానే గడిచింది. ఆ తర్వాత తొట్టె అంతా తనదే అనుకుంది ఫ్లవర్‌హార్న్. సిక్లిడ్‌లు పోట్లాడుకునేటప్పుడు నోటితో నోరు పట్టుకుని తోసుకుంటాయి. బలం తేలిపోతుంది, ఓడినది పక్కకు తప్పుకుంటుంది, అక్కడితో అయిపోతుంది. ప్యారట్‌కి ఆ నోరే లేదు కదా. ఎదురు నిలవాలని చూస్తుంది, పట్టుకోలేదు, దెబ్బలు తింటుంది. ఒక ఉదయం లేచి చూస్తే ఒక ప్యారట్ రెక్కలు చీలికలై, ఒక పక్క పొలుసులు ఊడిపోయి ఫిల్టర్ వెనక నక్కి ఉంది. ఉప్పు నీళ్ళలో విడిగా పెట్టాను, మూడో రోజున పోయింది. దాని నోటిని ఎన్నో ఏళ్ళుగా రోజూ చూస్తూ కూడా, పోట్లాటలో ఆ నోరు దేనికి పనికొస్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు నేను. ఫ్లవర్‌హార్న్ కావాలంటే దానికో తొట్టె, దానికొక్కదానికే. మీ జాబితాలోంచి ఆ పేరు కొట్టేయండి.

మరి ప్యారట్లకు తోడు ఏవి? నియాన్ టెట్రాలు వద్దు, రెండంగుళాలు కూడా పెరగని చేపని పెరిగిన ప్యారట్ పీల్చుకుని మింగేయగలదు. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప, నిదానంగా ఈదుతుంది, ఈ వేడికీ ఈ హడావిడికీ తట్టుకోలేదు. చురుగ్గా ఈదేవి, మరీ చిన్నవి కానివి, కయ్యానికి రానివి చూడండి. సిల్వర్ డాలర్ చేపలు నాలుగు వేసుకోవచ్చు, కాకపోతే మొక్కలు పెడితే మేసేస్తాయి. మన దేశపు వాగుల్లో పుట్టిన జెయింట్ డానియోలు ఆరు వేస్తే ఇంకా బాగుంటుంది. అవి పైన ధైర్యంగా తిరుగుతుంటే, కింద దాక్కున్న ప్యారట్లు కూడా భయం తీరి బయటికొస్తాయి.

మేత వేసేటప్పుడు మాత్రం ఇద్దరిలో ఒకరు అక్కడే నిలబడి చూడాలి. డానియోలు పైనుంచే లాగేసుకుంటాయి. ప్యారట్ ఒక గుళిక నోట్లోకి తీసుకుని, ఉమ్మి, మళ్ళీ తీసుకునేలోపు మిగతావన్నీ ఖాళీ అయిపోతాయి. నేను ముందు ఒక మూల తేలే మేత వేసి డానియోలని అటు పంపిస్తాను. తర్వాత రెండో మూలలో, నీళ్ళలో నానబెట్టిన, మునిగే చిన్న గుళికలు వేస్తాను. వారానికోసారి ఉడికించి తొక్క తీసిన పచ్చి బఠాణీ ముక్క, పచ్చిరొయ్య తురుము పెడతాను. రొయ్య వండితే ఎర్రబడుతుంది కదా, ఆ ఎరుపుకి కారణమైన పదార్థం పేరు ఆస్టాజాంథిన్. ప్యారట్ ఒంటి ఎరుపు నిలబడేదీ అలాంటి పదార్థాలు మేతలో ఉంటేనే.

రంగు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. అంగట్లో ఊదారంగు, నీలంరంగు ప్యారట్లు కనిపిస్తే కొనకండి. అది పుట్టుకతో వచ్చిన రంగు కాదు, చేపకి రంగు పట్టించి అమ్ముతారు. కొన్ని నెలల్లో వెలిసిపోతుంది, ఆ నెలలు కూడా చేప బతికితేనే. తోక కోసి గుండె ఆకారం అని అమ్మేవాటిని చూస్తే నాకు దుఃఖం వస్తుంది. అడిగేవాళ్ళు లేకపోతే తెచ్చేవాళ్ళూ ఉండరు, అందుకే పిల్లలకు చెబుతున్నాను.

ఇక నీళ్ళు. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టెలో దాదాపు 250 లీటర్లు పడతాయి. అంటే నీళ్ళ బరువే 250 కిలోలు, స్టాండ్ గట్టిగా ఉండాలని నాన్నకి చెప్పండి. హైదరాబాద్ బోరు నీళ్ళు ఉప్పగా, సబ్బు నురగ రానంత కఠినంగా ఉంటాయని మీ అమ్మ విసుక్కుంటుంది గానీ ఈ చేపలకు ఇబ్బంది లేదు. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది, అది పోవడానికి మందు వేయాలి. చేప విసర్జించే అమ్మోనియా విషం. ఫిల్టర్‌లో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, అది చాలావరకు పరవాలేదు. వారానికోసారి పావు వంతు నీళ్ళు మారిస్తే అదీ తగ్గుతుంది. ఈ బ్యాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్త తొట్టెలో మొదటిరోజే చేపలు వేసిన ఇళ్ళలో రెండో వారానికి ఏడుపులు వినపడేది ఇందుకే. కరెంటు పోతే బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచండి.

మీ ప్యారట్లు రెండూ ఆడా మగా అయితే, ఏడాదిన్నరకో రెండేళ్ళకో ఒకరోజు రాయిని నోటితో శుభ్రం చేస్తూ కనిపిస్తాయి. తర్వాత ఆడది గుడ్లు పెడుతుంది. పక్క రెక్కలు విసురుతూ వాటికి తాజా నీళ్ళు తగిలేలా చూస్తుంది, దగ్గరికొచ్చినవాటిని తరుముతుంది, మేత కూడా సరిగ్గా తినదు. రెండు మూడు రోజులకు గుడ్లు తెల్లగా మారి బూజు పడతాయి, మగచేపకి శక్తి లేదు కాబట్టి. అప్పుడు మీకు బాధ కలుగుతుంది, నాకు ఇప్పటికీ కలుగుతుంది. గుడ్లు తీసేయకండి, తల్లే చూసుకుంటుంది.

తోడుగా ఇంకో రకం సిక్లిడ్ మగచేప ఉంటే మాత్రం పిల్లలు పుట్టవచ్చు. ఇది వింతేం కాదు. ఆఫ్రికాలో విక్టోరియా సరస్సు ఉంది, అందులో 500 దాకా రకాల సిక్లిడ్‌లు పుట్టాయి. అక్కడ చాలా రకాల్లో ఆడచేప తన జాతి మగచేపని ఒంటి రంగు చూసి గుర్తుపడుతుంది. నీళ్ళు మురికిగా, మసకగా మారిన చోట్ల రంగులు కనపడక జాతులు కలిసిపోతున్నాయని 1997లో శాస్త్రవేత్తలు చూపించారు. అదే సరస్సు గురించి 2017లో ఇంకో సంగతి తేల్చారు. ఆ వందల రకాలకు మూలం కూడా చాలాకాలం కిందట రెండు వంశాలు కలిసి పుట్టిన సంతానమేనట. కాబట్టి హైబ్రిడ్ అన్న మాట చేపకు మచ్చ కాదు. మనం తొట్టెలో దానికి తన జాతి తోడు లేకుండా చేసి, పుట్టిన పిల్లల్ని ఏదో ఒక అసలు జాతి పేరుతో స్నేహితులకు పంచితే అది మన తప్పు. ఎవరికైనా ఇస్తే "ఇవి ఫలానా రెండిటికి పుట్టినవి" అని చెప్పి ఇవ్వండి.

పెంచలేకపోతే చెరువులో వదలకండి. మలేషియాలో, సింగపూర్‌లో మోజు తగ్గాక వదిలేసిన ఫ్లవర్‌హార్న్‌లు అక్కడి జలాశయాల్లో చేరిపోయాయి. మన దగ్గర సక్కర్ చేప అలాగే అయింది. తొట్టె అద్దం శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న చేప, ఇప్పుడు జాలర్ల వలలు చింపుతోంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్ళలో కలిసి ఉండే డీఎన్‌ఏ ఆనవాళ్ళను బట్టి తూర్పు కనుమల చెరువుల్లో, వాగుల్లో దాని జాడ వెతికితే చాలాచోట్ల దొరికింది. మీ తొట్టెలో సక్కర్ వద్దు. అద్దానికి పట్టిన నాచుని పాత ప్లాస్టిక్ కార్డుతో మీరే గీకండి.

దసరా సెలవులకు నేను రాజమండ్రిలో రాత్రి రైలెక్కుతాను. నా ఫిల్టర్ స్పాంజ్‌లో ఒక ముక్క కోసి, అదే తొట్టె నీళ్ళలో తడిపి డబ్బాలో పెట్టుకుని తెస్తాను. దానిలో ఉన్న బ్యాక్టీరియాతో మీ తొట్టె త్వరగా కుదురుకుంటుంది. ఈలోగా తొట్టె నింపి, ఫిల్టర్ ఆడించి, చేపలు లేకుండానే ఉంచండి. రోజూ చిటికెడు మేత వేయండి, అది కుళ్ళితే వచ్చే అమ్మోనియానే బ్యాక్టీరియాకి తిండి. మీ జాబితా మళ్ళీ రాసి నాకు పోస్టులో పంపండి. ఈసారి ఒక్కో పేరు పక్కన ఆ చేప ఎంత పొడవు పెరుగుతుందో, దాని నోరు ఎలా ఉంటుందో బొమ్మ వేసి పెట్టండి.

మీ నానమ్మ