ఆఫీసు తెర మీదికి ఆట ఎలా వచ్చింది?

నలగొండ, మహబూబ్‌నగర్‌లలో ఐటీ టవర్లు తెరుచుకున్నది 2023లో. అప్పటికే ఆఫీసు సాఫ్ట్‌వేర్ చాలావరకు ఆటలా తయారైంది. టికెట్ (అప్పగించిన పని నమోదు) క్లోజ్ చేస్తే పాయింట్లు, టార్గెట్ దాటితే తెర నిండా రంగు కాగితాల జల్లు, పక్కనే ఎవరు ఫస్టో చూపే పట్టిక. ఈ పోకడ నిన్నమొన్నటిది కాదు.

అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో పనిచేసిన థామస్ మలోన్, వీడియో గేములు పిల్లల్ని ఎందుకు కట్టిపడేస్తాయో 1980లోనే పరిశీలించాడు. సవాలు, ఊహాలోకం, కుతూహలం అని మూడు కారణాలు చెప్పాడు. 1982లో వాటిని మామూలు సాఫ్ట్‌వేర్‌కు అన్వయిస్తూ ఒక తేడా కూడా చూపించాడు: ఆట నేర్చుకోవడం తేలిక, ఆరితేరడం కష్టం కావాలి. పనిముట్టుకు మాత్రం రెండూ తేలికే కావాలి. తర్వాతివాళ్లు ఈ రెండో మాటను పట్టించుకున్నట్టు లేదు.

1990లో విండోస్ 3.0తో సాలిటైర్ అనే పేకాట వచ్చింది. రాసింది వెస్ చెర్రీ అనే ఇంటర్న్, ముక్కల బొమ్మలు సూసన్ కేర్‌వి. బాస్ వస్తే ఆటను దాచేసే మీట కూడా చెర్రీ పెట్టాడు, కంపెనీ తీయించింది! మన కంప్యూటర్ సెంటర్లలో చాలామందికి మౌస్ మీద చేయి తిరిగింది ఈ పేకముక్కలతోనే. 2006లో న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బర్గ్ ఒక ఉద్యోగి తెర మీద ఇదే ఆట చూసి ఉద్యోగం తీసేయించాడు.

మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 97లో కన్నుగీటుతూ అడగని సలహాలిచ్చిన కాగితాల క్లిప్పు బొమ్మ క్లిప్పీ అందరికీ విసుగు తెప్పించి, ఆఫీస్ 2007 నాటికి మాయమైంది. ఆట కాని పనుల్లోకి ఆట పద్ధతులు తేవడానికి 2002లో నిక్ పెల్లింగ్ అనే ప్రోగ్రామర్ ‘గేమిఫికేషన్’ అనే మాట పుట్టించాడు. 2009లో, ఎక్కడున్నామో చెప్పుకునే ఫోర్‌స్క్వేర్ అనే ఫోన్ యాప్ వాడేవాళ్లకు బ్యాడ్జీలు పంచింది. ఆ ఊపు ఆఫీసులకూ పాకింది.

అసలు గొడవ కంప్యూటర్ల గదిలో కాదు, బట్టలుతికే చోట బయటపడింది. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ హోటళ్ల లాండ్రీలో ఎవరు ఎంత వేగంగా పని చేస్తున్నారో పేర్లతో సహా పెద్ద తెరల మీద చూపించారు. 2011లో పత్రికలకెక్కిన ఆ తెరలకు పనివాళ్లు పెట్టిన పేరు ‘ఎలక్ట్రానిక్ కొరడా’. పాలమూరు పొలాల్లో నాట్లప్పుడు పాట ఎత్తుకునేది కూలీలే, వేగమూ ఆ పాటదే. లాండ్రీలో పాట యజమాని ఎత్తుకున్నాడు.

అసానా అనే ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్‌లో పని పూర్తయితే తెర మీద ఒంటికొమ్ము గుర్రం ఎగురుతుంది. వద్దనుకుంటే ఉద్యోగే ఆపేసుకోవచ్చు. ర్యాంకుల పట్టికను ఆపే సెట్టింగ్ మాత్రం చాలా ఆఫీసుల్లో ఇంకా మేనేజర్ లాగిన్‌లోనే ఉంటుంది.