లారీ కాటా వెనకున్న మనిషి: థాడియస్ ఫెయిర్‌బ్యాంక్స్

వడ్ల కొనుగోళ్లు మొదలయ్యాయంటే తూకం మీద పేచీ రాని సీజన్ ఉండదు. బస్తాకు ఎంత తరుగు తీశారు, వేబ్రిడ్జి (లారీ కాటా) మీద ఎంత వచ్చింది, మిల్లుకు పోయాక ఎంత తగ్గింది అని రైతులు నిలదీస్తూనే ఉంటారు. సరుకు దించకుండా బండితో సహా తూచి, ఖాళీ బండి బరువు తీసేసే పద్ధతి మనకు అలవాటైపోయింది. రెండు వందల ఏళ్ల కిందట చాలాచోట్ల రైతుకు ఆ వెసులుబాటు లేదు. దాన్ని మామూలు విషయంగా మార్చినవాళ్లలో థాడియస్ ఫెయిర్‌బ్యాంక్స్ ముఖ్యుడు.

ఆయన 1796లో అమెరికాలోని మాసచుసెట్స్ రాష్ట్రం, బ్రిమ్‌ఫీల్డ్‌లో పుట్టాడు. 1815లో కుటుంబం వెర్మాంట్ రాష్ట్రంలోని సెయింట్ జాన్స్‌బరీకి చేరింది. తండ్రి అక్కడ కలప కోత మిల్లు, పిండిమర పెడితే, కొడుకు బండ్లు చేశాడు. తర్వాత ఇనుము పోత పోసే పని మొదలుపెట్టి, అన్న ఎరాస్టస్‌తో కలిసి నాగళ్లు, పొయ్యిలు తయారు చేశాడు. 1826లో పోత ఇనుప నాగలికి పేటెంట్ కూడా వచ్చింది.

కాటా పుట్టింది నార వ్యాపారంలోంచి. 1830 ప్రాంతంలో ఉత్తర వెర్మాంట్ రైతులు హెంప్ మీద పడ్డారు. మన జనుములాగే అదీ నార పంట. దాన్ని శుద్ధి చేసే పనిలో థాడియస్ దిగాడు. రైతులు బండ్లకెత్తుకొచ్చిన సరుకును తూచి కొనాలి. అప్పట్లో బండిని గొలుసులతో కట్టి, పెద్ద దూలపు కాటాకు వేలాడదీసి తూచేవారు. గంటలు పట్టే పని, పైగా ప్రమాదం. ఇంతా చేస్తే వచ్చే లెక్క ఉజ్జాయింపే.

ఆయన బండిని ఎత్తడం మానేసి నేలలో గొయ్యి తవ్వించాడు. అందులో మీటలు అమర్చి, వాటిమీద నేలకు సమంగా బల్ల పరిచాడు. బండి బరువు మీట నుంచి మీటకు తగ్గుకుంటూ పోయి, పక్కనున్న కాడకు చేరుతుంది. ఆ కాడ మీద చిన్న గుండును జరిపి సరితూచితే చాలు. కిటుకంతా మీటలు ఆనే చోట ఉంది. ప్రతి మీటా కత్తి వాదరలాంటి ఉక్కు అంచు మీద ఆనాలి. నాలుగు మూలల దగ్గరా మీటల నిష్పత్తి ఒక్కటే కావాలి. అలా కుదిరితేనే బండి బల్ల మీద ముందుకు నిలిచినా, వెనక్కి నిలిచినా, ఓ పక్కకు ఒరిగినా తూకం మారదు. కుదరకపోతే కొనేవాడు బండిని తనకు లాభమైన చోట నిలబెట్టుకుంటాడు. నా దృష్టిలో ఈ కాటా చేసిన అసలు మేలు ఇదే.

1831లో పేటెంట్ వచ్చింది. హెంప్ మోజు ఎక్కువ కాలం నిలవలేదు కానీ కాటాకు గిరాకీ పెరుగుతూనే పోయింది.

ఇలా బల్ల మీద నిలబెట్టి తూచే వేదిక కాటాను కనిపెట్టిందే ఈయన అని చాలాచోట్ల రాస్తారు. అది పూర్తి నిజం కాదు. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో జాన్ వయాట్ 1740లలోనే మీటలతో బండ్లు తూచే యంత్రం చేశాడు. స్ట్రాస్‌బర్గ్‌లో క్వింటెంజ్ 1820లలో, సరుకు బరువులో పదో వంతు గుండుతోనే సరితూచే దశాంశ కాటా తెచ్చాడు. ఫెయిర్‌బ్యాంక్స్ గొప్పతనం ఆ ఆలోచనను ఫ్యాక్టరీ సరుకుగా మార్చి, పొలం నుంచి రైల్వే యార్డు దాకా చేర్చడంలో ఉంది.

పనిమంతుడు థాడియస్ అయితే వ్యాపారం నడిపింది అన్న ఎరాస్టస్. ఆయన రెండుసార్లు వెర్మాంట్ గవర్నర్ అయ్యాడు. 1852లో మద్యనిషేధ చట్టం మీద సంతకం పెట్టి మరుసటి ఏడాది పదవి పోగొట్టుకున్నాడు. లాయరైన తమ్ముడు జోసెఫ్ కూడా కంపెనీలో చేరాడు. 1842లో ముగ్గురూ కలిసి సెయింట్ జాన్స్‌బరీ అకాడమీ స్థాపించారు. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది. 1873 వియన్నా ప్రదర్శన తర్వాత ఆస్ట్రియా చక్రవర్తి థాడియస్‌కు బిరుదు ఇచ్చాడు. 1886లో, 90 ఏళ్ల వయసులో థాడియస్ కన్నుమూశాడు.

ఇప్పటి వేబ్రిడ్జిల్లో మీటల స్థానంలో ఎక్కువగా లోడ్ సెల్స్ ఉంటున్నాయి. బరువు పడగానే ఉక్కు కొద్దిగా నొక్కుకుంటుంది, ఆ మార్పును కరెంటు సంకేతంగా చదువుతారు. పాత జబ్బులు మాత్రం పోలేదు. బల్ల అంచున మట్టి, రాళ్లు ఇరుక్కుంటే తూకం తప్పుతుంది, ఒక సెల్ పాడైతే ఒక మూల తప్పు చూపుతుంది. అందుకే తూనికలు, కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేసేటప్పుడు ఒకే బరువును వేర్వేరు చోట్ల పెట్టి చూస్తారు. ఆ ధ్రువపత్రం కాటా దగ్గర అందరికీ కనబడేలా ఉండాలి. కనబడకపోతే, బండి ఎక్కించే ముందే రైతు అడగాలి.