తోలు ఒరను ఉడికించకండి: అపోహలు - వాస్తవాలు

కత్తికి ఒర సొంతంగా కుట్టుకున్నవాళ్ల నుంచి పదే పదే వచ్చే ఫిర్యాదు ఒకటుంది: "కుట్టినప్పుడు కత్తి సరిగ్గా పట్టింది, ఆరాక దూరడమే లేదు. తోలు చెక్కలా బిగుసుకుపోయింది, వంచితే పగులుతోంది." నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి, ఎక్కడ ఆరబెట్టారు అని అడిగితే సంగతి తేలిపోతుంది.

అపోహ: మరిగే నీళ్లలో ముంచి, ఎండలోనో ఓవెన్‌లోనో ఆరబెడితే ఒర గట్టిపడుతుంది.

వాస్తవం: తంగేడు పట్ట, కరక్కాయల్లాంటి వాటితో పదును చేసిన తోలు తడిగా ఉన్నప్పుడు సుమారు 70-85 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముడుచుకుపోతుంది. అలా కుంచించుకున్న పీచు మళ్లీ సాగదు, ఎంత నూనె పట్టించినా లాభం లేదు. మధ్యయుగపు యూరప్‌లో తోలును వేడితో బిగించి కవచాలు చేసిన మాట నిజమే. కానీ కవచంలోకి రోజూ కత్తి దూర్చి తీయరు కదా! పెళుసుబారిన ఒర కుట్టు పక్కన చీలితే మొన నేరుగా తొడలో దిగుతుంది.

ఆకారం ఇచ్చేది తేమ, సమయం. 3 నుంచి 3.5 మి.మీ. మందం తోలు తీసుకోండి. రెండు పొరల మధ్య అంచు వెంబడి తోలు పట్టీ పెట్టి కుట్టండి, లేకపోతే కత్తి అంచు దారాన్ని కోసేస్తుంది. కుట్టిన ఒరను గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం, బుడగలు తగ్గేదాకా ముంచి తీయండి. వెంటనే నొక్కకండి. పైరంగు మళ్లీ లేతబడుతూ, ముట్టుకుంటే చల్లగా తగిలే దశ వచ్చేదాకా ఆగండి. అప్పుడు కత్తికి నూనె రాసి, అంచుకు టేపు వేసి, క్లింగ్ ఫిల్మ్ (వంటింట్లో వాడే పలచటి ప్లాస్టిక్ పొర) రెండు చుట్లు చుట్టి దూర్చండి. పిడి మొదలు దగ్గర వేళ్లతో, నున్నటి చెంచా కాడతో నొక్కండి. గోళ్లు తగలనివ్వకండి, తడి తోలు మీద పడ్డ గీత అలాగే ఉండిపోతుంది. ఆకారం నిలిచాక, గంటా రెండు గంటల్లో కత్తి తీసేసి, నీడలో గాలి తగిలేలా ఒకటి రెండు రోజులు వేలాడదీయండి. మధ్యలో ఒకసారి దూర్చి చూడండి, ఆరేకొద్దీ కాస్త బిగుస్తుంది.

ఆకారం వంకర పోయిందని కంగారు పడకండి. మైనం, పైపూత ఇంకా వేయకపోతే మళ్లీ తడిపి సరిచేసుకోవచ్చు.

"ఏ తోలైనా తడిపితే చాలు" అన్నదీ తప్పే. బ్యాగులకు వాడే మెత్తటి క్రోమ్ తోలు (పట్టతో కాకుండా క్రోమియం లవణాలతో పదును చేసింది) ఆకారం నిలుపుకోదు. కోసిన అంచులో నీలి-బూడిద రంగు కనిపిస్తే చాలావరకు అదే.

ఇక రంగు. ఒక్క మందపాటి పూత వేస్తే చాలనుకుంటారు. దాంతో మచ్చలు పడతాయి, చొక్కాకు అంటుకుంటుంది. ఒర పూర్తిగా ఆరాక, స్పిరిట్ రంగును (ఆల్కహాల్‌లో కలిపిన తోలు రంగు) పలచన చేసి, రెండు మూడు పూతలు గుండ్రంగా రుద్దుతూ వేయండి. ఒక రాత్రి ఆగి, పొడి గుడ్డకు రంగు అంటని దాకా తుడవండి. ఆ తర్వాతే కొద్దిగా నూనె, చివర్లో మైనం. నూనె ఎక్కువైతే బిగువు పోతుంది. లోపలివైపు రంగూ నూనే వద్దు. తెల్ల దారం కావాలంటే కుట్టకముందే రంగు వేసుకోవాలి.

తడి తోలుకు ఇనుము తగిలి నల్ల మచ్చలు పడితే బూజు అనుకుని పారేస్తారు. అది తోలులోని టానిన్ (పట్ట, కరక్కాయల నుంచి తోలుకు పట్టే వగరు పదార్థం), ఇనుము కలిసిన నలుపు. నిమ్మరసం అద్దితే చాలా మచ్చలు తేలిపోతాయి. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరిన నీళ్లతో గీసే నల్ల గీతల కిటుకూ ఇదే. ఒర మొత్తం నల్లగా కావాలంటే అర లీటరు తెల్ల వెనిగర్‌లో జిడ్డు తీసిన స్టీల్ ఉన్ని (సన్నటి ఉక్కు పీచు) వారం నానబెట్టండి. వాయువు వస్తుంది కాబట్టి మూత వదులుగా ఉంచండి. వడగట్టి పూస్తే నిమిషాల్లో నల్లబడుతుంది. తర్వాత లీటరు నీళ్లకు చెంచాడు వంట సోడా కలిపి తుడిచి, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టి నూనె రాయాలి.

ఒర ఎంత బాగా కుదిరినా కత్తిని నెలల తరబడి అందులో ఉంచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, కార్బన్ స్టీల్ తుప్పు పడుతుంది. నూనె రాసి విడిగా దాచండి.